మెదడునకు విద్యుచ్చికిత్స



గ్రామమునకు వైద్యముకంటె ముందుగా వైద్యమును గూర్చిన వదంతి చేరుచుండును. "మెదడులో తీగ పెట్టి వణుకు మాన్పుచున్నారట" అని ఒకరందురు. "పిచ్చి పట్టినవానికి కరెంటు పెట్టి చంపుదురట" అని మఱియొకరందురు. మొదటి మాటలో ఆశ కలదు. రెండవ మాటలో భయము కలదు. రెండింటియందును సత్యము కొంతయే కలదు. ఆ రెండు మాటల నడుమ రోగి యొకడు, అతని కుటుంబ మొకటి చిక్కుకొని యుండును. కంచములోని ముద్దను నోటివఱకు చేర్చుకొనలేని తండ్రిని, నెలల తరబడి గోడవైపు తిరిగి పండుకొన్న కోడలిని ఎవరి కడకు కొనిపోవలెనో, కొనిపోయినచో ఏమి చేయుదురో తెలియక ఆ కుటుంబము కాలము గడుపుచుండును. అట్టివారికి ఉన్నదున్నట్లు తెలుపుట గ్రంథాలయము చేయదగిన పనులలో నొకటి. కనుక మెదడునకు విద్యుత్తుతో చేయు చికిత్స ఎట్లు పుట్టినది, ఎంతవఱకు ఫలించినది, ఎక్కడ తప్పటడుగు వేసినది అను విషయము ఈ యుపన్యాసమునకు వస్తువు.

మానవుని మెదడునందు ఇంచుమించు 8,600 కోట్ల నాడీకణములు కలవని శాస్త్రజ్ఞులు గణించియున్నారు. ఈ కణములు విద్యుత్సంకేతములతో పనిచేయును. కణమునకును కణమునకును నడుమనున్న సన్నని యెడమును మాత్రము చాలచోట్ల రసాయన ద్రవ్యములు దాటి వార్తను చేరవేయును. అందువలన మెదడు జబ్బుపడినపుడు దానిని చేరుటకు రెండు మార్గములు కలవు. మందు నిచ్చి రసాయనములను సరిచేయుట ఒకటి. విద్యుత్తును ప్రయోగించి సంకేతములను సరిచేయుట రెండవది. మందు రక్తములో కలిసి మెదడంతటను వ్యాపించును. కాలువకు నీరు వదలినచో ఎండిన చేనును, నిండిన చేనును ఒకే తీరున తడియును గదా! విద్యుత్తును మాత్రము అవసరమైన మడికే తూము తీసినట్లు ఒక్క చోటికి పంపవచ్చును. ఈ చికిత్సకు గల బలమంతయు ఇందే యున్నది. తూము తప్పుగా తీసినచో పొరుగు మడి మునుగుననుటయు అంతే నిజము.

ఈ భావము నిన్న మొన్నటిది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున, రోము చక్రవర్తి క్లాడియస్ కాలమునందు, స్క్రిబోనియస్ లార్గస్ అను వైద్యుడు విద్యుత్తు పుట్టించు సముద్రపు చేపను సజీవముగా తలపై నుంచినచో మొండి తలనొప్పి తగ్గునని వ్రాసెను. విద్యుత్తు అనగా నేమో అతనికి తెలియదు. 1791లో ఇటలీ దేశమునందలి బొలోన్యా నగరమున లుయీజీ గాల్వానీ, చచ్చిన కప్ప కాలు విద్యుత్తు సోకినంతనే కదలుటను లోకమునకు ప్రకటించెను. అతని మేనల్లుడు జొవాన్నీ ఆల్దీనీ 1803లో లండనునందు ఉరితీయబడిన యొక నేరస్థుని కళేబరమునకు విద్యుత్తును సోకించగా దవడ కదలెను, ఒక కన్ను తెరచుకొనెను. చూచినవారు భయభ్రాంతులైరి. అదే ఆల్దీనీ విషాదరోగులకును విద్యుత్తు నిచ్చి మేలు కలిగినదని వ్రాసెను. ఆ విధముగా ఈ శాస్త్రము తొలినాటినుండియు ఒక కాలు వైద్యశాలలోను, ఒక కాలు సంతలోను ఉంచి నడచినది.

1870లో బెర్లిన్ నగరమున గుస్టావ్ ఫ్రిట్ష్, ఎడ్వర్డ్ హిట్జిగ్ అను నిరువురు కుక్క మెదడు పైపొరపై ఒక చోట స్వల్పముగా విద్యుత్తు నిచ్చినచో ముందుకాలును, వేఱొక చోట నిచ్చినచో వెనుకకాలును కదలునని ఋజువు చేసిరి. మెదడునందు ఒక్కొక్క పనికి ఒక్కొక్క తావు కలదనుటకు అది గట్టి నిదర్శనము. నాలుగేండ్లకు, 1874లో, అమెరికాలోని సిన్సినాటి నగరమున రాబర్ట్స్ బార్తొలో అను వైద్యుడు ఆ ప్రయోగమును మనుష్యునిపై చేయబూనెను. మేరీ రాఫర్టీ యను పనికత్తె తలపై వ్రణము పుట్టి, పుఱ్ఱె తినివేయబడి, మెదడు బయటపడి యుండెను. ఆ మెదడులో సూదులు గ్రుచ్చి అతడు విద్యుత్తు నిచ్చెను. చేయి, కాలు కదలెను. విద్యుత్తును పెంచగా ఆమెకు మూర్ఛ వచ్చెను. కొలది దినములలో ఆమె మరణించెను. తోటి వైద్యులు బార్తొలోను తీవ్రముగా గర్హించిరి. ఆ ప్రయోగమువలన ఆమె వ్రణము మానునని అతడును అనుకొనలేదు. తెలిసికొనవలెనను కుతూహలము వైద్యునిది, ప్రాణము ఆమెది. మెదడుపై చేయి వేయు ప్రతి వైద్యుడును ఆ పనికత్తె పేరు మఱవరాదు.

ఇరువదవ శతాబ్దమున కెనడా దేశమునందు వైల్డర్ పెన్‌ఫీల్డ్ అను శస్త్రవైద్యుడు ఇదే పనిని రోగి మేలుకొఱకు చేసి చూపెను. 1934లో అతడు మాంట్రియల్ నగరమున నాడీవైద్య సంస్థను స్థాపించెను. మందులకు లొంగని మూర్ఛరోగమునకు మూలమైన భాగమును కోసి తీయవలసి వచ్చినపుడు, మాటకు, కదలికకు సంబంధించిన తావులను కాపాడవలెను. మెదడునకు నొప్పి తెలియదు కావున, చర్మమునకు మాత్రము మత్తు నిచ్చి, రోగి మేలుకొని మాటాడుచుండగనే పెన్‌ఫీల్డ్ స్వల్ప విద్యుత్తుతో ఒక్కొక్క తావును పరీక్షించెడివాడు. ఇచట రోగి ప్రయోగవస్తువు గాక వైద్యునకు సహకారి యయ్యెను. ఆ మాంట్రియల్ సంస్థలో శిక్షణ పొందిన జేకబ్ చాండీ 1949లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో భారతదేశపు మొదటి నాడీశస్త్రవైద్య శాఖను నెలకొల్పెను.

ఇక జనులు మిక్కిలి భయపడు "కరెంటు షాకు" సంగతి. 1938 ఏప్రిల్ నెలలో రోము నగరమున ఉగో చెర్లెట్టి, లూచియో బీనీ అను వైద్యులు దీనిని తొలిసారి మనుష్యునిపై ప్రయోగించిరి. మూర్ఛను కృత్రిమముగా కలిగించినచో కొన్ని మనోరోగములు తగ్గునని బుడాపెస్టు వైద్యుడైన మెడునా 1934 నుండియే మందులతో చేసి చూపియుండెను. మందుకంటె విద్యుత్తు సులభమని రోము వైద్యులు కనుగొనిరి. ఫలము కలిగినది. కాని తొలినాళ్లలో మత్తు లేకుండ చేయుటవలన దేహమంతయు ఎగిరిపడి ఎముకలు విరిగిన సందర్భములు కలవు. కొన్ని ఆశ్రమములలో దీనిని చికిత్సగా గాక దండనగా వాడిరనుటయు చరిత్రలో నున్న సత్యమే. జనుల భయము గాలిలోనుండి పుట్టినది కాదు.

నేడు పద్ధతి మారినది. రోగికి మత్తుమందును, కండరములను సడలించు మందును ఇచ్చిన పిమ్మటనే విద్యుత్తు నిత్తురు. మెదడునందు మూర్ఛ సాధారణముగా ఒక నిమిషమునకు లోబడియే ముగియును. దేహము పెద్దగా కదలదు. వారమునకు రెండు మూడు మారుల చొప్పున మొత్తము ఆరునుండి పండ్రెండు మారుల వఱకు చేయుదురు. అన్నము, నీరు మాని మరణమునకు సిద్ధపడిన తీవ్ర విషాదరోగికి దీనికంటె త్వరగా పనిచేయు చికిత్స అరుదు. దీనివలన నష్టమును కలదు. చికిత్సాకాలమునకు దగ్గరి సంగతులు మఱపున పడును. అనేకులకు ఆ మఱపు క్రమముగా సర్దుకొనినను, కొందరికి కొన్ని జ్ఞాపకములు తిరిగి రావు. భారతదేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మత్తు, కండర సడలింపు మందులు లేకుండ ఈ చికిత్స చేయుటను నిషేధించినది. మైనరులకు చేయవలెనన్నచో సంరక్షకుని సమ్మతియు, మండలి ముందస్తు అనుమతియు ఉండవలెను. కావున మత్తు లేకుండ "షాకు" ఇత్తుమను వారెవరైనను చట్టమును మీఱినవారే యని గ్రామస్థులు తెలిసికొనవలెను.

ఇప్పుడు ఈ చికిత్సలలో మిక్కిలి ప్రసిద్ధి పొందిన దానిని గూర్చి చెప్పవలెను. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వణుకుడు వాతమును వర్ణించుచు ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. ఆ రోగమునకు అతని పేరే నిలిచినది. ఆయుర్వేదమున కంపవాతమని చెప్పబడు రోగమునకు ఇది సన్నిహితము. మెదడు లోతున డోపమిన్ అను ద్రవ్యమును తయారుచేయు కణములు నశించుటవలన చేతులు వణకును, దేహము బిగియును, అడుగు ముందుకు పడదు. లెవొడోపా యను మందు మెదడును చేరి డోపమిన్‌గా మారును. 1967 నాటికి దానిని పెద్ద మోతాదులలో ఇచ్చి అమెరికాలో కొట్జియాస్ అను వైద్యుడు గొప్ప ఫలితములు చూపెను. పల్లెపిల్లలు ముట్టుకొని దురదతో ఏడ్చు దూలగొండి గింజలలో ఆ లెవొడోపా ద్రవ్యము కలదు; 1937లోనే మదరాసులో దామోదరన్, రామస్వామి అను రసాయనజ్ఞులు దానిని ఆ గింజలనుండి వేఱుపఱచిరి. అయినను గింజలను స్వయముగా నూరి మ్రింగుట ప్రమాదకరము. మోతాదు తెలియని మందు మందు కాదు.

లెవొడోపా కొన్నియేండ్లు చక్కగా పనిచేయును. తరువాత ఒక చిక్కు వచ్చును. మందు పనిచేయు గంటలలో దేహము తనంతట తాను మెలికలు తిరుగును. పని చేయని గంటలలో కొయ్యబాఱును. అట్టి రోగి దినమంతయు గడియారమును చూచుచు బ్రతుకును. మందులు చాలని వణుకునకు పూర్వము శస్త్రవైద్యులు మెదడు లోతుననున్న థలామస్ అను భాగమున ఒక చిన్న తావును కాల్చివేసెడివారు. మదరాసు ప్రభుత్వ వైద్యశాలలో రామమూర్తి, బాలసుబ్రహ్మణ్యం, కళ్యాణరామన్, కనక మొదలగువారు 1960వ దశకమున ఇట్టి శస్త్రచికిత్సలు చేసి పేరుపొందిరి. వారిలో కనక ఆసియాఖండపు తొలి మహిళా నాడీశస్త్రవైద్యులలో నొకరు. మెదడునందు దీర్ఘకాలము ఎలక్ట్రోడులను నిలిపి చికిత్స చేసిన తొలి భారతీయ వైద్యులలోను ఆమె యొకరు. కాల్చుటలో ఉన్న కష్టమేమనగా, కాల్చిన తావు మరల రాదు. మెదడు రెండువైపులను కాల్చినచో మాట పోవు ప్రమాదము కలదు. అందుచేత ఒక చేతి వణుకు మానిన రోగి రెండవ చేతి వణుకుతోనే జీవించవలసి వచ్చెడిది.

1987లో ఫ్రాన్సు దేశమునందలి గ్రెనోబుల్ నగరమున అలీం లూయీ బెనాబిద్, పియెర్ పొల్లాక్ అనువారు ఈ చిక్కును విప్పిరి. బెనాబిద్ శస్త్రవైద్యుడే గాక భౌతికశాస్త్రమున పట్టభద్రుడు కూడ. కాల్చుటకు ముందు సరియైన తావు దొరకినదో లేదో చూచుటకు విద్యుత్తు నిచ్చుట వాడుకలో నున్నదే. అతడు ఆ విద్యుత్తు స్పందనల వేగమును పెంచుచు పోగా, సెకనునకు నూఱు సమీపించునప్పటికి వణుకు నిలిచినది. విద్యుత్తును ఆపగా వణుకు తిరిగి వచ్చినది. కాల్చకయే కాల్చిన ఫలము! పైగా ఎప్పుడు కావలెనన్న అప్పుడు ఆపగల ఫలము! ఒకవైపు కాల్చియున్న రోగులకు రెండవవైపున తీగను శాశ్వతముగా నిలిపి వారు చికిత్స చేసిరి. బాధ నివారణకై మెదడులో తీగలు నిలుపుట అంతకు పూర్వమే కలదు. కాని కదలిక రోగములకు ఈ మార్గమును స్థిరపఱచినవారు గ్రెనోబుల్ వైద్యులు.

అదే కాలమున అమెరికాలో మఱియొక దారి తెరచుకొనెను. 1982లో కాలిఫోర్నియాలో కొందరు యువకులు దొంగచాటుగా తయారైన మత్తుమందును ఎక్కించుకొని, కొలది దినములలో ముదుసలి పార్కిన్సన్ రోగులవలె కొయ్యబాఱిరి. విలియం లాంగ్‌స్టన్ అను వైద్యుడు పరిశోధించి, ఆ మందులో కలిసిన యొక విషము డోపమిన్ కణములను చంపినదని తెలిసికొనెను. ఆ విషముతో కోతులయందు రోగమును కలిగించి మాలన్ డిలాంగ్, అతని సహచరులు మెదడు చుట్లను పరిశీలించిరి. సబ్‌థలామిక్ కేంద్రకమను ఇంచుమించు శనగగింజంత భాగము మితిమీఱి పనిచేయుచున్నదనియు, దానిని అణచినచో కోతి మరల కదలుననియు 1990లో ప్రకటించిరి. 1993లో గ్రెనోబుల్ వైద్యులు మనుష్యునియందు ఆ కేంద్రకమునకే తీగను చేర్చిరి. వణుకు మాత్రమే గాక బిగువు, మందగతి కూడ తగ్గినవి. 2014లో బెనాబిద్, డిలాంగ్ లిరువురకును అమెరికాలో లాస్కర్ పురస్కారము లభించెను.

ఈ చికిత్స జరుగు తీరు ఇట్టిది. తలలో చిన్న రంధ్రము చేసి, ఒక మిల్లిమీటరుకంటె కొంచెము లావైన తీగను లెక్కకట్టిన తావునకు దింపుదురు. అనేక చోట్ల రోగి మేలుకొని యుండగనే దింపి, చేయి చాపుమని, మాటాడుమని పరీక్షింతురు. ఆ తీగను చర్మము క్రిందుగా మెడ మీదుగా తెచ్చి, కంటె యెముక క్రింద నిలిపిన చిన్న బ్యాటరీ పెట్టెకు కలుపుదురు. గుండెకు పెట్టు పేస్‌మేకరువంటిదే యది. సాధారణముగా సెకనునకు 130 మారులు సూక్ష్మమైన విద్యుత్‌స్పందనలు లోపలికి పోవును. వైద్యుడు కోయకయే బయటినుండి యంత్రముతో దానిని హెచ్చింపను, తగ్గింపను వచ్చును. మామూలు బ్యాటరీని కొన్నియేండ్లకొకసారి మార్చవలెను. మరల నింపదగినవి ఎక్కువకాలము వచ్చును. లోకమున లక్షకు పైగా రోగులు ఈ చికిత్స పొందియున్నారు.

అయినను ఇది రోగమును మాన్పదు, రోగలక్షణములను తగ్గించును. లెవొడోపాకు లొంగు లక్షణములే సాధారణముగా దీనికిని లొంగును. తూలుట, మాట తడబడుట, మతిమఱపు దీనితో బాగుపడవు, ఒక్కొక్కప్పుడు హెచ్చవచ్చును. కొలదిమందికి మెదడులో రక్తస్రావమో, తీగకు చీము పట్టుటయో కలుగును. కావున రోగిని ఎంచుకొనుటయే సగము చికిత్స. 2013లో ఫ్రాన్సు, జర్మనీ వైద్యులు 251 మంది రోగులను రెండు తెగలుగా విభజించి రెండేండ్లు పరిశీలించిన ఫలితమును ప్రకటించిరి. మందులతో మాత్రమే ఉన్నవారి జీవితము బాగుపడలేదు. మందులతోపాటు తీగ చికిత్స పొందినవారి జీవితము స్పష్టముగా మెరుగైనది.

దేహము బాగైనచో అంతయు బాగైనట్లేనా? 2006లో పారిస్ వైద్యులు ఈ చికిత్స పొందిన 29 మంది రోగులను విచారించి, ఒక వింత సంగతిని ప్రకటించిరి. వారి అవయవములు చక్కబడినవి. కాని అనేకులు తమతోను, భార్యతో లేక భర్తతోను, తమ వృత్తితోను పొసగలేక బాధపడుచుండిరి. ఏండ్ల తరబడి రోగిగా జీవించినవానికి ఆరోగ్యముతో జీవించుట మరల నేర్చుకొనవలసి వచ్చును. సేవచేయుటకు అలవాటుపడిన ఇల్లాలికిని అట్లే. కోరిన కోరిక తీరిన యింటిలో కొత్త కలత పుట్టుట కలదని ముందుగా తెలిసియుండుట మంచిది.

మనోరోగముల విషయమున కథ మఱింత జాగ్రత్తగా చదువదగినది. 1935లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెదడు ముందుభాగపు తంతువులను తెంచు శస్త్రచికిత్సను ప్రారంభించి, 1949లో నోబెల్ బహుమానము కూడ పొందెను. వేలకొలది రోగులు శాంతించిరి. అనేకులు తమ వ్యక్తిత్వమునే కోల్పోయిరి. ఆ గాయము వైద్యలోకమునకు మానలేదు. 2005లో టొరాంటో నగరమున హెలెన్ మేబర్గ్, ఆండ్రెస్ లొజానో మొదలగువారు ఏ మందుకును లొంగని విషాదరోగులు ఆరుగురికి మెదడునందు తీగను చేర్చగా నలుగురికి గణనీయమైన మేలు కలిగెను. లోకము హర్షించినది. పిమ్మట అమెరికాలో ఎక్కువమందిపై నిష్పక్షపాతముగా పరీక్షింపగా, విద్యుత్తు నిచ్చినవారికిని ఇవ్వనివారికిని తేడా కానరాక ఆ పరీక్షను మధ్యలోనే ఆపివేసిరి. ఆ ఫలితమును 2017లో దాచక ప్రకటించిరి. ఇప్పటికిని పరిశోధన సాగుచునే యున్నది. చేతులు మాటిమాటికి కడుగుకొనుటవంటి చేష్టలతో, వదలని తలపులతో జీవితము నశించినవారికి 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరిమితమైన అనుమతి నిచ్చెను.

తల కోయక చేయు చికిత్సయు కలదు. అయస్కాంత క్షేత్రము మారినచో దగ్గరి తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున ఆంథొనీ బార్కర్, అతని సహచరులు ఆ సూత్రముతోనే తలపై తీగచుట్ట నుంచి, పుఱ్ఱెను దాటి మెదడులో విద్యుత్తు పుట్టించి, చేతి వ్రేళ్లను కదలించిరి. మందులకు తగ్గని విషాదరోగమునకు 2008లో అమెరికాలో దీనికి అనుమతి లభించెను. దీనికి మత్తు అక్కఱలేదు, జ్ఞాపకములు పోవు, రోగి కుర్చీలో కూర్చుండి చికిత్స పొంది ఇంటికి పోవును. సాధారణముగా కొన్ని వారములు దినదినము రావలెను. దినమునకు పదిమారుల చొప్పున ఐదు దినములలో ముగించు స్టాన్‌ఫర్డ్ పద్ధతికి 2022లో అనుమతి వచ్చినది. అందరికిని గుణము కలుగదు. అరుదుగా మూర్ఛ రావచ్చును. తలలో లోహపు ముక్కలున్నవారికి పనికిరాదు.

మూర్ఛరోగమునకును మార్గములు హెచ్చినవి. మెడలోని వేగస్ నాడికి విద్యుత్తు నిచ్చు పద్ధతి 1997లోను, మూర్ఛ రాబోవు సూచనను తానే పసిగట్టి ఆపజూచు యంత్రము 2013లోను, థలామస్ ముందుభాగమునకు తీగ చేర్చు పద్ధతి 2018లోను అమెరికాలో అంగీకరింపబడినవి. మెదడు సంకేతములను చదివి తదనుగుణముగా విద్యుత్తును తానే హెచ్చించు, తగ్గించు పార్కిన్సన్ రోగపు యంత్రమునకు 2025లో అక్కడ అనుమతి లభించెను.

భారతదేశమున ఈ చికిత్సలు కొత్తవి కావు. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో లోతు మెదడు తీగ చికిత్స జరుగుచున్నది. బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీవిజ్ఞాన సంస్థ మనోరోగ విద్యుచ్చికిత్సలకు ప్రసిద్ధము. అయినను తీగ, పెట్టె, శస్త్రచికిత్స కలిసి ఖర్చు లక్షలలో నుండును. బ్యాటరీ మార్పు, యంత్రపు సవరణలకు పట్నము రాకపోకలు అదనము. చెక్క అమ్మి, చేను అమ్మి వచ్చిన కుటుంబమునకు ఈ రెండవ ఖర్చును ముందుగా చెప్పని వైద్యము సంపూర్ణ వైద్యము కాదు. ఇంట బ్యాటరీలతో, బజారు యంత్రములతో తలకు విద్యుత్తు పెట్టుకొనుటను మాత్రము ఎవ్వరును చేయరాదు.

కావున రోగిని కొనిపోవు కుటుంబము వైద్యుని నాలుగు ప్రశ్న లడుగవలెను. ఈ రోగమునకు మందులన్నియు సక్రమముగా వాడి చూచినారా? ఈ చికిత్సతో ఏది తగ్గును, ఏది తగ్గదు? కీడు కలిగినచో వెనుకకు మరలుటకు వీలున్నదా? పదియేండ్ల వఱకు అగు ఖర్చెంత? ఐదవ ప్రశ్న వైద్యుని గాక రోగిని అడుగవలసినది: "నీకు ఇష్టమేనా?" అని. 1874లో మేరీ రాఫర్టీని ఆ ప్రశ్న సరిగా అడిగినవారు లేరు. నేడు చట్టమే దానిని అడుగుమనుచున్నది. వణకు చేతితో నైనను, సన్నని గొంతుతో నైనను రోగి చెప్పు సమాధానమును కుటుంబము నిదానముగా కూర్చుండి వినవలెను.